పాత టీవీ పాటల వీడియోలు: సేకరించేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పాత గాయకులు, ఆర్కెస్ట్రాలు, బ్యాండు మేళాలు, జానపద బృందాలు టీవీలో కనిపించిన వీడియోలను వెతికి దాచే అభిమానులు బాగానే ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టే ప్రతివాళ్లూ ఫోన్ చేసి దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. పని సాగే వరసలో ప్రశ్నలు పెట్టాను. మీకు ఏది కావాలో అక్కడి నుంచి చదువుకోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. టేపులో ఏది ఎలా ఉందో అలాగే, మొత్తంగా దాచండి. నచ్చిన పాట ఒక్కటి కోసుకుని మిగతాది వదిలేస్తే, ఆ పాట ఎప్పటిదో, ఎక్కడిదో, ఎవరు వాయించారో చెప్పే ఆధారాలన్నీ దాంతోపాటే పోతాయి.

## వెతకడం మొదలుపెట్టే ముందు

యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా, ఇంకా క్యాసెట్ల కోసం తిరగడం ఎందుకు?

అన్నీ లేవు. సినిమా పాటలు ఉన్నాయి, పెద్ద చానళ్లు తమంతట తాము ఎక్కించినవి ఉన్నాయి. 1990ల్లో మన ఊరి కేబుల్ చానల్‌లో వచ్చిన ఆర్కెస్ట్రా రాత్రి లేదు. హైదరాబాద్ దూరదర్శన్‌లో పావుగంట కనిపించిన తప్పెటగుళ్ల బృందం చాలావరకు లేదు. ఉన్నవి కూడా నాలుగైదు చేతులు మారి, చుట్టూ నల్ల పట్టీలు, మధ్యలో ఎవరిదో లోగో, మూలుగుతున్న శబ్దంతో ఉంటాయి. అదే కార్యక్రమం ఒక ఇంటి బీరువాలో నేరుగా టీవీ నుంచి ఎక్కించిన మొదటి టేపుగా దొరికితే, హార్మోనియం మీద వేళ్లు కనిపిస్తాయి, వెనకాల కూర్చున్న డోలు కళాకారుడి ముఖం గుర్తుపట్టొచ్చు.

టీవీ వాళ్ల దగ్గర అసలు టేపులు ఉండవా?

కొన్నింటికి ఉంటాయి. ప్రసార భారతి తన ఆర్కైవ్స్ నుంచి పాత శాస్త్రీయ సంగీత కచేరీలను సొంత యూట్యూబ్ చానల్‌లో పెడుతోంది. మీకు కావలసింది అలాంటి కచేరీ అయితే ముందు అక్కడ చూడండి. కానీ టేపు ఖరీదైన రోజుల్లో పాత కార్యక్రమం చెరిపి దానిమీదే కొత్తది ఎక్కించడం ప్రపంచమంతటా టీవీ కేంద్రాల్లో మామూలే. బీబీసీలో 1964 జనవరి 1న మొదలైన టాప్ ఆఫ్ ది పాప్స్ పాటల కార్యక్రమాన్నే చూడండి. 1960ల నాటి ఎపిసోడ్లలో చాలావరకు ఇప్పుడు లేవు. బీటిల్స్ బృందం 1966 జూన్‌లో అందులో నేరుగా పాల్గొన్నప్పటి దృశ్యం పూర్తిగా పోయిందనుకున్నారు. ఇంట్లో టీవీ తెరకు ఎదురుగా 8 మిల్లీమీటర్ల కెమెరా పెట్టి తీసిన మూగ ముక్కలు కొన్ని 2019లో బయటపడ్డాయి. అభిమానులు అంత పండగ చేసుకున్నది ఆ కాసిన్ని క్షణాల కోసమే. లండన్‌లోనే అలా జరిగితే, ఒక్క టేపునే పదేపదే వాడుకున్న మన ఊరి కేబుల్ గది సంగతి చెప్పక్కర్లేదు.

ఘంటసాల, ద్వారం వెంకటస్వామి నాయుడు దూరదర్శన్‌లో పాడిన, వాయించిన వీడియోలు దొరుకుతాయా?

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ద్వారం వారు 1964లో, ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయారు. కాబట్టి హైదరాబాద్ కేంద్రంలో వాళ్ల కార్యక్రమం ఉండే అవకాశమే లేదు. మద్రాసు కేంద్రం కూడా 1975లోనే వచ్చింది. "ఘంటసాల దూరదర్శన్ లైవ్" అని ఎవరైనా పంపితే అది సభలో ఫిల్మ్ మీద తీసినదో, పాత ఫోటోలకు రికార్డు పాట అతికించినదో అయి ఉంటుంది. ద్వారం వారి వయొలిన్ కోసం గ్రామఫోన్ రికార్డులు, రేడియో రికార్డింగుల వైపు వెళ్లండి.

విజయనగరంలో పుట్టి, ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న పి. సుశీల విషయం వేరు. ఆమె టీవీ ఇంటర్వ్యూలు, సన్మాన సభలు దశాబ్దాల పొడవునా ఉన్నాయి. శివరామపురంలో పుట్టి సాలూరు ఇంటిపేరుతో పేరు తెచ్చుకున్న సంగీత దర్శకుడు రాజేశ్వరరావు 1999 వరకు ఉన్నారు. ఆయన మాట్లాడిన టీవీ టేపు ఎవరింట్లోనైనా కనిపిస్తే వెంటనే పట్టుకోండి.

ఇంత ఉంది కదా, ముందు ఏది వెతకాలి?

రెండో కాపీ ఎక్కడా ఉండని వాటిని. పెద్ద చానళ్ల కార్యక్రమాలను రాష్ట్రమంతటా వందల ఇళ్లలో రికార్డు చేసుకుని ఉంటారు. ఇవాళ మీకు దొరక్కపోతే రేపు ఇంకొకరికి దొరుకుతాయి. పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరాలప్పుడు, అరసవల్లి రథసప్తమికి, ఊరి గ్రామదేవత పండగలకు స్థానిక కేబుల్‌లో చూపించినవి మాత్రం ఒకరిద్దరి దగ్గరే మిగిలి ఉంటాయి. సన్నాయి, డోలు జోళ్లు, ఇత్తడి వాయిద్యాల బ్యాండు పార్టీలు, జముకుల కథ బృందాలు, ఊరి లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలు, వీటికి సినిమా లేదు, క్యాసెట్ కంపెనీ లేదు. చాలామందికి కదిలే బొమ్మగా మిగిలింది ఆ కేబుల్ టేపు ఒక్కటే. 2020లో పోయిన వంగపండు ప్రసాదరావు లాంటి పేరున్న కళాకారుడివి ఎన్నో దొరుకుతాయి. ఆయన పక్కన గజ్జె కట్టి ఆడినవాళ్ల పేర్లు ఎన్ని దొరుకుతాయో వెతికి చూడండి, తేడా అర్థమవుతుంది.

## టేపులు రాబట్టడం

మా ఊళ్లో ఇలాంటివి ఎవరి దగ్గర ఉంటాయి?

మొదట, పాత కేబుల్ ఆపరేటర్లు. 1990ల్లో వాళ్ల గదిలో ఒక వీసీఆర్ (వీడియో క్యాసెట్లు ఆడించి, రికార్డు చేసే మెషీన్) పెట్టి అందులోంచే ఊరంతటికీ సినిమాలు, పండగ కార్యక్రమాలు వదిలేవారు. కింద పుట్టినరోజు శుభాకాంక్షల అక్షరాలు పరుగెడుతూ ఉండేవి. డిజిటల్ సెట్‌టాప్ బాక్సులు వచ్చాక ఆ గదులు మూతపడ్డాయి. టేపులు అటక మీదికో, మేడమెట్ల కిందికో చేరాయి. రెండు, పెళ్లి వీడియోలు తీసిన ఫోటో స్టూడియోలు. జాతర కార్యక్రమాలను తీసి కేబుల్‌కు ఇచ్చింది ఎక్కువగా వాళ్లే. మూడు, కళాకారుల ఇళ్లు. టీవీలో వస్తున్నామని తెలిసినరోజు వీసీఆర్ ఉన్న బంధువును బతిమాలి ఎక్కించుకుని ఉంటారు. నాలుగు, క్యాసెట్లు అద్దెకిచ్చిన వీడియో షాపులవాళ్లు.

పాత ఇనప సామాన్ల కొట్లకు కూడా మీ ఫోన్ నంబరు ఇచ్చి పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు క్యాసెట్ల బస్తా నేరుగా అక్కడికే పోతుంది.

ఇంటివాళ్లు క్యాసెట్ ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

ఒప్పుకోకపోవడం న్యాయమే. ఆ టేపులో పోయిన నాన్న ఉంటాడు. "ఏటి బావూ, అదొక్కటే ఉంది మాకు, అట్టికెళ్లి పోగొట్టీస్తే?" అని ఒక ముసలావిడ అడిగితే దానికి మాటతో జవాబు లేదు. పరికరాలు వాళ్లింటికే పట్టుకెళ్లండి. వీసీఆర్, ల్యాప్‌టాప్, వైర్లు ఒక పెద్ద సంచిలో పడతాయి. వాళ్ల ఎదుటే, వాళ్ల టీవీ మీదే చూపిస్తూ కాపీ తీయండి. మొదటి కాపీ పెన్‌డ్రైవ్‌లో వాళ్లకే ఇవ్వండి, ఫోన్‌లో చూసుకునేలా చిన్న సైజుది ఒకటి వేసి పెట్టండి. తెచ్చుకోక తప్పకపోతే ఎన్ని టేపులు, ఏ లేబుళ్లు, ఎప్పుడు తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆ తేదీకి వెనక్కి ఇచ్చేయండి. ఒక ఇంట్లో మాట తప్పితే ఆ వీధిలో మరే తలుపూ తెరుచుకోదు.

క్యాసెట్‌కు ఎంత డబ్బు ఇవ్వాలి?

కళాకారుల కుటుంబాలతో బేరం వద్దు. కాపీ తీసి అసలు వాళ్లకే ఉంచేస్తే డబ్బు ప్రసక్తే రాదు. పాత సామాన్ల కొట్టులో అయితే తూకం రేటుకు కాస్త కలిపి ఇచ్చి మొత్తం బస్తా తీసుకోండి. ఒక్కో క్యాసెట్ ఎంచుతూ కూర్చుంటే అందులో ఏదో ఉందని ధర పెంచేస్తారు.

లేబుల్ మీద "అక్క పెళ్లి" అని ఉంది. ఇలాంటివి కూడా చూడాలా?

తప్పకుండా, చివరి దాకా చూడాలి. మామూలుగా దొరికే ఈ-180 క్యాసెట్‌లో మూడు గంటల టేపు ఉంటుంది. పెళ్లి రెండు గంటల్లో అయిపోతే మిగిలిన గంటలో శుక్రవారం చిత్రలహరో, పండగరోజు కార్యక్రమమో ఎక్కించుకోవడం ఇళ్లలో అలవాటు. ఇంకో సంగతి, పెళ్లిలో వాయించిన సన్నాయి మేళం కూడా రికార్డే. అది టీవీ కార్యక్రమం కాకపోయినా, అదే బృందం అని తేల్చుకోవడానికి ముఖాలు పోల్చి చూసుకోవచ్చు.

## క్యాసెట్ ఆడించే ముందు

టేపు మీద తెల్లగా బూజు ఉంది. వేస్తే ఏమవుతుంది?

వేయకండి. మన తీరంలో గాలి తేమకు ఇది చాలా మామూలు జబ్బు, శ్రీకాకుళం సముద్రం వైపు ఊళ్లలో మరీ ఎక్కువ. క్యాసెట్ మీద ఉన్న చిన్న కిటికీలోంచి వెలుతురు పడేలా పట్టి చూడండి. చుట్టిన టేపు అంచులు నల్లగా, నున్నగా మెరవాలి. తెల్లటి పొడి, సాలెగూడు పోగుల్లాంటివి, బూడిదరంగు మచ్చలు కనిపిస్తే అది ఫంగస్. దాన్ని మెషీన్‌లో వేస్తే ఆ పొడి టేపును చదివే హెడ్ మీద పేరుకుంటుంది, బొమ్మంతా మంచు కురిసినట్టు అవుతుంది, తర్వాత వేసిన మంచి టేపులకూ అంటుకుంటుంది. టేపు చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే లాగినప్పుడు చిరుగుతుంది కూడా.

ముందుగా ఆ క్యాసెట్‌ను మిగతావాటి నుంచి వేరు చేయండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని వారాలు ఉంచి తేమ లాగించండి. తర్వాత ముక్కుకు మాస్క్ కట్టుకుని, ఆరుబయట, మెత్తటి బ్రష్‌తో పైపొడి దులపండి. లోపల కూడా పట్టి ఉంటే, టేపును మెల్లగా తిప్పుతూ పొడిగుడ్డ మీదుగా తుడవాలి. ఇది చేయి తిరిగినవాళ్ల పని. ముఖ్యమైన టేపైతే మీరే ప్రయత్నించకుండా అలాంటివారికి ఇవ్వండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రైయర్ కొట్టడం, తడిగుడ్డతో తుడవడం, ఈ మూడూ టేపును చంపేస్తాయి.

వీసీఆర్ ఎక్కడ దొరుకుతుంది? వీసీపీ అయితే పనికొస్తుందా?

కొత్తది దొరకదు. ప్రపంచంలో చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. పాతవి విశాఖపట్నం సెకండ్‌హ్యాండ్ కొట్లలో, ఆన్‌లైన్ అమ్మకాల్లో, చుట్టాల అటకల మీద దొరుకుతాయి. వీసీపీ (వీడియో క్యాసెట్ ప్లేయర్) ఆడిస్తుంది గానీ రికార్డు చేయదు. మనకు కావలసింది ఆడించడమే కాబట్టి అది చాలు, పొరపాటున టేపు చెరిగిపోయే భయం కూడా ఉండదు. అయితే మెషీన్ ఏదైనా మొదట పనికిరాని సినిమా క్యాసెట్ వేసి అరగంట చూడండి. టేపు అంచు నలుగుతోందా, బయటికి తీసేటప్పుడు లోపల చిక్కుకుంటోందా అన్నది తేలిపోతుంది.

ఆ టేపు రికార్డు అయిన వీసీఆరే ఆ ఇంట్లో ఉంటే దాన్ని కూడా అడిగి చూడండి. వేరే మెషీన్‌లో చారలు పడే టేపు, తాను పుట్టిన మెషీన్‌లో చక్కగా ఆడటం చాలాసార్లు జరుగుతుంది.

హెడ్ శుభ్రం చేయడం ఎలా?

కరెంటు ప్లగ్ తీసేసి, మూత విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు రాలని గుడ్డను హెడ్ ఉండే, తిరిగే డ్రమ్ముకు ఆనించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పాలి. గుడ్డను పైకీ కిందికీ కదపకూడదు, హెడ్ విరిగిపోతుంది. చెవులు తుడిచే దూది పుల్లలు అసలు వాడొద్దు.

పొరపాటున రికార్డు బటన్ నొక్కితే?

క్యాసెట్ వెనక అంచున ఎడమవైపు చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే మెషీన్ రికార్డు చేయదు. టేపు చేతికి రాగానే మొదట చేయాల్సింది ఈ పనే.

టేపు తెగిపోయింది, అతికించవచ్చా?

అతికించవచ్చు. అడుగున ఉన్న అయిదు స్క్రూలు విప్పితే క్యాసెట్ పెట్టె తెరుచుకుంటుంది. లోపలి చక్రాలు, స్ప్రింగులు ఎలా ఉన్నాయో ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. నలిగిన భాగాన్ని నిటారుగా కత్తిరించి, రికార్డింగ్ లేని వెనక వైపున, ఇలా అతికించడానికే ఉండే స్ప్లైసింగ్ టేపు వేయాలి. మామూలు సెలోటేపు జిగురు కొన్నాళ్లకు కారి హెడ్‌కు పట్టేస్తుంది. అతుకు దాటిన తర్వాత నుంచే ఆడించి కాపీ తీయండి, అతుకు మీదుగా ఆడించకండి.

## కంప్యూటర్‌లోకి ఎక్కించడం

ఏమేం కొనాలి?

వీసీఆర్, ల్యాప్‌టాప్, వీసీఆర్ బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం, పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల వైరు. చవక పరికరాలు మొదలుపెట్టడానికి సరిపోతాయి గానీ వాటిలో చాలావాటికి ఒక జబ్బు ఉంది. టేపు కాస్త వణికితే చాలు ఫ్రేములు వదిలేస్తాయి, గంట తర్వాత చూస్తే పెదవులకూ పాటకూ పొత్తు ఉండదు. బొమ్మను స్థిరపరిచే టైమ్ బేస్ కరెక్టర్ ఖరీదైనది. దానికి బదులు పాత డీవీడీ రికార్డర్‌ను వీసీఆర్‌కూ క్యాప్చర్ పరికరానికీ మధ్య కలిపితే కొన్ని మోడళ్లు అదే పనిని చాలావరకు చేస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. వర్చువల్‌డబ్, ఓబీఎస్ రెండూ ఉచితమే, క్యాప్చర్‌కు మొదటిది మేలు.

సెట్టింగుల్లో పాల్ ఎంచుకోవడం మర్చిపోవద్దు. మన దేశపు ప్రసారం సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి, సైజు 720 బై 576. చాలా పరికరాలు అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో తెరుచుకుంటాయి, బొమ్మ నలుపు తెలుపై దొర్లుతుంది. టేపు పాడైందని కంగారుపడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

బజారులో స్టూడియోకి ఇచ్చి డీవీడీ చేయించుకుంటే సరిపోదా?

చూసుకోవడానికి సరిపోతుంది, దాచడానికి సరిపోదు. వాళ్లు మూడు గంటలను ఒక్క డీవీడీలో ఇరికిస్తారు, మొదట్లో చివర్లో కత్తిరిస్తారు, "బాగుంటుందని" పైన పూల డిజైన్ పెట్టి షాపు పేరు వేస్తారు. ఒకవేళ ఇవ్వాల్సి వస్తే ముందే గట్టిగా చెప్పండి: ఎక్కడా కట్ చేయకూడదు, పేరు వేయకూడదు, డీవీడీగా మార్చకుండా క్యాప్చర్ చేసిన ఫైలునే హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలి.

ఏ ఫార్మాట్‌లో దాచాలి? ఎంత చోటు పడుతుంది?

అసలు కాపీకి నాణ్యత ఏమాత్రం తగ్గించని ఎఫ్ఎఫ్‌వీ1 పద్ధతి మంచిది, ప్రపంచంలో పెద్ద ఆర్కైవులు కూడా అదే వాడుతున్నాయి. గంటకు 30 నుంచి 40 జీబీ దాకా పడుతుంది. అంత చోటు లేకపోతే డీవీ ఫార్మాట్ గంటకు సుమారు 13 జీబీ. చూసుకోవడానికి, వాట్సాప్‌లో పంపడానికి మాత్రం వేరుగా ఎంపీ4 తయారుచేసుకోండి. చిన్న కాపీ ఎప్పుడైనా మళ్లీ తయారవుతుంది. నాణ్యత పోగొట్టుకున్న అసలును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్లలా గీతలు వస్తున్నాయి. టేపు పాడైందా?

పాడవలేదు. పాత టీవీ బొమ్మ సెకనుకు 50 సగం బొమ్మలుగా వచ్చేది, కంప్యూటర్ ఆ రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే గీతలు పడతాయి. అసలు ఫైలులో దాన్ని అలాగే ఉంచండి. చూసుకునే కాపీ చేసేటప్పుడు డీఇంటర్‌లేస్ చేసి, అంటే ఆ సగాలను విడదీసి పూర్తి బొమ్మలుగా మార్చి, సెకనుకు 50 ఫ్రేములుగా తీస్తే డోలు మీద చేతి వేగం, తప్పెటగుళ్ల గంతులు సాఫీగా వస్తాయి. 25కు కుదిస్తే సగం కదలిక పోతుంది. ఆట ఉన్న కార్యక్రమాల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

మధ్యలో ప్రకటనలు, "అంతరాయానికి చింతిస్తున్నాం" బోర్డు ఉన్నాయి. కట్ చేసేయనా?

దయచేసి వద్దు. ఏ సంవత్సరమో తేల్చేది చాలాసార్లు ఆ సబ్బు ప్రకటనే. తర్వాత రాబోయే కార్యక్రమం చెప్పే యాంకర్ మాట, మూలన ఉన్న చానల్ గుర్తు, గడియారం, చివర్లో మొదలైన వార్తల మొదటి ముక్క, అన్నీ సాక్ష్యాలే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మారియన్ స్టోక్స్ అనే ఆవిడ దశాబ్దాల పాటు, 2012లో చనిపోయేవరకు, రాత్రీ పగలూ టీవీని ఆపకుండా రికార్డు చేసి దాదాపు 70 వేల టేపులు వదిలి వెళ్లింది. ఆమె ఏదీ ఎంచలేదు, ఏదీ కోయలేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఆ టేపులను తీసుకున్నది అందుకే. పాట ఒక్కటే కావాలనుకునేవాళ్లకు దాన్ని విడిగా కత్తిరించి ఇవ్వండి, అసలు జోలికి పోకండి.

రంగులు వెలిసిపోయాయి. ఏఐతో హెచ్‌డీ చేస్తే బాగుంటుంది కదా?

ఆ సాఫ్ట్‌వేర్ లేని ముఖాన్ని ఊహించి గీస్తుంది. మసకగా ఉన్న వెనక వరస కళాకారుడికి కొత్త కళ్లు, కొత్త మీసం వస్తాయి, రేపు మనవడు చూసి తాతను గుర్తుపట్టలేడు. సరదాకు చేసుకున్నా దాని పేరులోనే "ఏఐతో మార్చినది" అని రాయండి, అసలుతో కలపకండి.

మా దగ్గర వీసీడీలే ఉన్నాయి, వాటికి ఏం చేయాలి?

2000 తర్వాత స్టూడియోలు వీసీడీలకు మారాయి. బొమ్మ సైజు 352 బై 288 మాత్రమే, దాన్ని పెంచే దారి లేదు. కానీ డిస్కులు టేపుల కంటే చెప్పకుండా పోతాయి. ఇంట్లో రాసిన డిస్కు నిన్నటిదాకా ఆడి ఇవాళ తెరుచుకోదు. అందుకని వాటిని వాయిదా వేయకుండా డిస్కు మొత్తాన్ని ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, కాపీ చేసేయండి. గీతలు పడి ఆగిపోతుంటే వేరే డ్రైవులో ప్రయత్నించండి, ఒకటి చదవలేనిది ఇంకొకటి చదువుతుంది.

## వివరాలు రాయడం

లేబుల్ మీద తేదీ లేదు. ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?

చానల్ గుర్తుతో మొదలుపెట్టండి. ఈటీవీ, జెమినీ రెండూ 1995లో వచ్చాయి, వాటి గుర్తు ఉంటే అంతకు ముందుది కాదు. ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం పాడుతా తీయగా అయితే 1996 నుంచి. మూలన దూరదర్శన్ యాదగిరి గుర్తు ఉంటే 2014 విభజన తర్వాతిది. విభజనప్పుడు సప్తగిరి పేరు విజయవాడ కేంద్రానికి వెళ్లింది. ప్రకటనల్లో కొత్త సినిమా పేరు, ఫోన్ నంబరులో ఎన్ని అంకెలు ఉన్నాయి, స్టేజి బ్యానర్ మీద "ఎన్నో వార్షికోత్సవం" అని ఉందో చూడండి. పండగ కార్యక్రమమైతే పని ఇంకా సులువు. సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది కాబట్టి, సంవత్సరం తెలిస్తే పాత పంచాంగంలో తేదీ దొరికిపోతుంది.

తేల్చలేకపోతే "1996–1999 మధ్య, ఫలానా ప్రకటన ఆధారంగా" అని కారణంతో సహా రాయండి. ఊహను తేదీలా రాస్తే దాన్ని పదిమంది నిజమని కాపీ చేసేస్తారు.

బ్యాండులో ఎవరెవరు ఉన్నారో తెలియదు. పేర్లు రాయడం అంత ముఖ్యమా?

నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే తొందరగా చేయాల్సింది ఇదే. టేపు ఇంకో అయిదేళ్లు ఆగుతుందేమో, పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఆగరు. టీవీలో బృందం నాయకుడి పేరు ఒక్కటే వేసేవారు. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ము, తాళం, ఎవరి పేరూ ఉండదు. వీడియోను ఫోన్‌లో వేసుకుని బృందంలో మిగిలినవాళ్ల దగ్గరికి, వాళ్ల ఊరి రచ్చబండ దగ్గరికి వెళ్లండి. ముఖం వచ్చిన చోట ఆపి అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు గొంతు రికార్డు చేసుకోండి, ఎందుకంటే పేరుతోపాటు ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ రోజు టీవీ స్టేషన్‌కు ఏ రైల్లో వెళ్లారు అన్నీ వస్తాయి. ఎవరు చెప్పారో కూడా రాసుకోండి. ఇద్దరు వేర్వేరు పేర్లు చెబితే రెండూ ఉంచండి.

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి?

ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత చానల్, తర్వాత బృందం లేదా కార్యక్రమం, చివర టేపు నంబరు. తెలియని నెల, తేదీ చోట సున్నాలు వేయండి. అప్పుడు ఫోల్డర్ తెరిస్తే కాలక్రమంలో వాటంతటవే వరసగా నిలబడతాయి. క్యాసెట్ ముందు, వెనక, లేబుల్ ఫోటోలు అదే ఫోల్డర్‌లో ఉంచండి.

## దాచడం, పంచడం

ఎన్ని కాపీలు ఉంచుకోవాలి?

మూడు. రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, వాటిలో ఒకటి వేరే ఊళ్లో, మూడోది ఆన్‌లైన్‌లో. వేరే ఊరు అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మన ఇళ్ల పైకప్పులను ఏం చేశాయో మనకు తెలుసు. పక్క వీధిలో ఉన్న రెండో కాపీ కూడా అదే వానలో తడుస్తుంది. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడింట్లోనో, బెంగళూరులో స్నేహితుడి దగ్గరో ఒకటి పెట్టండి. డిస్కులను ఏడాదికి ఒకసారైనా తెరిచి చూడండి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారిపోయే గుర్తు సంఖ్య) తీసి పెట్టుకుంటే తెలియకుండా చెడిపోయినదాన్ని వెంటనే పట్టుకోవచ్చు.

డిజిటల్ అయిపోయింది కదా, క్యాసెట్ పారేయవచ్చా?

పారేయకండి. ఇవాళ్టి కంటే మంచి క్యాప్చర్ పద్ధతి రేపు రావచ్చు. పుస్తకాల్లా నిలువుగా, పూర్తిగా ఒక వైపుకు చుట్టి, సముద్రపు గాలి తగలని గదిలో, స్పీకర్లు, మోటార్ల లాంటి అయస్కాంతం ఉన్నవాటికి దూరంగా పెట్టండి. గచ్చు మీద, బయటి గోడకు ఆనించి వద్దు.

యూట్యూబ్‌లో పెడితే కేసు అవుతుందా?

ఇంట్లో దాచుకోవడం, చదువుకు, పరిశోధనకు వాడుకోవడం వేరు, అందరికీ వదలడం వేరు. మొదటిదానికి కాపీరైట్ చట్టం 39వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. ప్రసార సంస్థ హక్కు ప్రసారమైన మరుసటి ఏడాది మొదలు నుంచి 25 ఏళ్లు. అంటే 1995లో ప్రసారమైనదానికి 2020 చివరితో ఆ హక్కు తీరింది. కానీ కళాకారుల ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది, పాట రాసినవారి, బాణీ కట్టినవారి హక్కు వాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు. సినిమా పాట పాడిన ఆర్కెస్ట్రా వీడియో పెడితే మ్యూజిక్ కంపెనీ నుంచి నోటీసు రావడం సహజం. సొంత జానపదం పాడిన బృందమైతే వాళ్లను అడిగి, ఒప్పుకున్నట్టు రాయించుకుని పెట్టండి. డబ్బు వచ్చే ప్రకటనలు మాత్రం ఆన్ చేయకండి.

కళాకారుడి కుటుంబం వీడియో తీసేయమని అడిగితే?

ఆ రోజే తీసేయండి. కారణం అడగకండి. మీ దగ్గరున్న అసలు కాపీ భద్రంగానే ఉంటుంది, వాళ్లు మనసు మార్చుకుంటే మళ్లీ పెట్టవచ్చు.

ఎవరో దొంగిలిస్తారని వీడియో మధ్యలో నా పేరు వేసుకోవచ్చా?

వేసుకోవద్దు. దానివల్ల కళాకారుడి ముఖం మీద మీ పేరు పడుతుంది. సేకరించినవారి పేరు, టేపు ఇచ్చిన ఇంటివాళ్ల పేరు వాళ్లు సరేనంటే, వివరణలో రాయండి.

నా తర్వాత ఈ డిస్కులు ఎవరు చూస్తారు?

మన దగ్గరే మంచి నమూనా ఉంది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి తెలుగు కథలను, అవి అచ్చయిన పత్రికలతో సహా పోగుచేశారు. మాస్టారు 2021లో పోయినా ఎవరైనా వెళ్లి చూసుకునేలా అది నిలబడి ఉంది. ఇల్లు, జాబితా, చూసేవాళ్ల బృందం మూడూ ఏర్పడ్డాయి కాబట్టే అది సాధ్యమైంది.

మన పనికి కూడా అవే కావాలి. జాబితాను మీ ల్యాప్‌టాప్‌లో ఒక్కచోటే ఉంచకుండా కాగితం మీద ప్రింటు తీసి డిస్కుతోపాటు పెట్టండి. పాస్‌వర్డులు ఇంట్లో ఒకరికి తెలియాలి. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల లాంటి సంస్థకు, జిల్లా గ్రంథాలయానికి, తెలుగు లేదా సంగీతం శాఖ ఉన్న విశ్వవిద్యాలయానికి కాపీ తీసుకుంటారేమో బతికుండగానే ఉత్తరం రాసి అడగండి. ఇచ్చేటప్పుడు బృందాల పేర్లు, ఊళ్లు, తేదీలతో ఉన్న జాబితాను ముందు పెట్టండి. ఖాళీ లేబుళ్ల డిస్కును ఏ సంస్థా తీసుకోదు, వివరాలున్నదాన్ని కాదనడం వాళ్లకూ కష్టం.